అమ్మ ఆదివారం క్లాసులు

పోయిన ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఐదు కిలోల పండుమిరపకాయలు ముందు పోసుకుని తొడిమలు తీస్తున్నాను. చేతులు భగభగ మండుతుంటే ఫోను మోగింది. మోచేత్తో ఇటు జరుపుకుని చూస్తే స్వయం నుంచి మెయిలు. మూడో వారం అసైన్‌మెంటుకి ఈ రాత్రితో గడువు ముగుస్తుందట. పోషకాహారం మీద ఎనిమిది వారాల కోర్సు అది. సంక్రాంతి పిండివంటల హడావుడి అయిపోగానే మంచి ఊపు మీద చేరాను. మొదటి రెండు వారాలు పాఠాలు విన్నాను, ఓ నోటు పుస్తకం కూడా పెట్టాను.

ఆ రాత్రి పచ్చడి రుబ్బి, చింతపండు కలిపి, జాడీకి ఎత్తి వంటగట్టు తుడిచేసరికి పదకొండున్నర దాటింది. అసైన్‌మెంటు పోయింది. దాని వెనకే నాలుగో వారం, ఐదో వారం కూడా పోయాయి. తర్వాత నేను ఆ మెయిళ్ళు తెరవడం మానేశాను.

"బద్ధకం అమ్మా నీకు" అని మా అబ్బాయి తేల్చేశాడు. నిజమేనేమో అనుకున్నాను గానీ మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే మా అమ్మ ఇంతకంటే పెద్ద సంసారం ఈదుతూ డిగ్రీ పూర్తి చేసింది. పెదనందిపాడు దగ్గర పల్లెటూరు. ఇద్దరు పిల్లలం, నాయనమ్మ, రెండు గేదెలు, పత్తి చేను. ఫోను లేదు, ఇంటర్నెట్ మాట దేవుడెరుగు, ఇంట్లో కరెంటే ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. ఎనిమిదో తరగతితో చదువు ఆపి పెళ్ళి చేసిన మనిషి బి.ఏ. పాసైంది. అరచేతిలో ఐ.ఐ.టి. ప్రొఫెసర్ పాఠం చెబుతుంటే నేను ఎనిమిది వారాలు నిలబడలేకపోయాను. ఎక్కడో ఏదో తేడా ఉంది. దాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళితే మా జిల్లా ఆడవాళ్ళ చదువు కథ చాలానే తగిలింది.

ఇంట్లో ఉన్న ఆడదాని దగ్గరికే చదువు నడిచి రావాలన్న ఆలోచన స్మార్ట్ ఫోనుతో పుట్టింది కాదండీ. మన బాపట్లలోనే వందేళ్ళ కిందట ఒకావిడ ఆ పని చేసింది. కనుపర్తి వరలక్ష్మమ్మగారు. 1919లోనే 'లీలావతి' అనే పేరుతో ఆంధ్రపత్రికలో 'మా చెట్టునీడ ముచ్చట్లు' రాశారు. 1928లో మద్రాసు నుంచి కేసరిగారి 'గృహలక్ష్మి' మొదలయ్యాక అందులో 'శారద లేఖలు' రాశారు. శారద అనే ఆవిడ కల్పలత అనే స్నేహితురాలికి రాసే ఉత్తరాలు అవి. ఉత్తరం కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, అభ్యంతరం ఉండదు. లోపల మాత్రం ఆడపిల్లల చదువు, బాల్యవివాహాల మీద వచ్చిన శారదా చట్టం లాంటి సంగతులు ఉండేవి. గడప దాటని వాళ్ళకి లోకం గడప లోపలికి వచ్చేది.

నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆవిడ తర్వాత చేసిన పని. 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీ మండలి పెట్టారు. ఉత్తరాలు రాస్తూ ఊరుకోకుండా, ఆడవాళ్ళు ఇల్లు వదిలి వచ్చి ఒకచోట కూర్చునే ఏర్పాటు చేశారు. కాగితం ఇంటికి పంపితే చాలదని ఆవిడకి అర్థమైపోయిందని నేను అనుకుంటాను.

ఈ సంగతి అంతకంటే ముందే గట్టిగా నమ్మిన దంపతులు గుంటూరులో ఉన్నారు. 'మాలపల్లి' నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని అందరూ తలుచుకుంటారు. ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారిని తలుచుకునే వాళ్ళు తక్కువ. ఇద్దరూ కలిసి 1922లో శారదానికేతనం స్థాపించారు. సాహిత్యంతో పాటు చేతిపనులు నేర్పేవారు. ఇక్కడ చదువు ఇంటికి రాలేదు. ఆడపిల్లే, వితంతువే, ఇల్లు వదిలి చదువు దగ్గరికి వచ్చింది. అప్పట్లో అది ఎంత పెద్ద అడుగో మన నాయనమ్మల్ని అడిగితే తెలిసేది. మనం అడగలేదు, అది మన తప్పే.

ఈ రెండు దారుల మధ్య మూడో దారి దుర్గాబాయమ్మగారిది. రాజమండ్రి పిల్ల, సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళి వచ్చాక, బడి చదువు లేకుండానే ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టి పాసైంది. తర్వాత అదే పరీక్షకి మద్రాసులో తెలుగు ఆడవాళ్ళకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1937 నాటి ఆంధ్ర మహిళా సభ అలా చిగురు తొడిగింది. ఆవిడ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో, మధ్యలో చదువు ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ళ కోసం కుదించిన కోర్సులు వచ్చాయి. పదేళ్ళు బల్ల మీద కూర్చోబెట్టకుండా, రెండేళ్ళలో పరీక్షకి తయారు చేసే పద్ధతి. ఆడదాని దగ్గర ఎంత సమయం ఉంటుందో ముందు లెక్క వేసి, తర్వాత పాఠం రాసిన వాళ్ళు అరుదు. దుర్గాబాయమ్మ ఆ లెక్క వేసింది.

ఇక మా అమ్మ దాకా వచ్చిన చదువు గురించి చెప్పాలి.

1972లో ఆంధ్రా యూనివర్సిటీ పోస్టు ద్వారా పాఠాలు పంపడం మొదలుపెట్టింది. మంచిదే, కానీ ముందు ఇంటరు పాసై ఉండాలి. ఎనిమిదో తరగతి వాళ్ళకి ఆ తలుపు తెరుచుకోదు. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది ఇంకో మూడేళ్ళకి. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్‌గారు మన గుంటూరు జిల్లా మనిషే. ఏడు నెలలు నిండకుండానే ఆయన పదవి పోయింది, ఇప్పటి పిల్లలకి ఆయన పేరు కూడా తెలియదు. అంత తక్కువ కాలంలో చేసిన ఆ ఒక్క పని మాత్రం మా ఇంటి దాకా వచ్చింది. దానికి మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డిగారు. ఇగ్నో పెట్టినప్పుడు కూడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఆయన్నే పిలిచారు. ఇంగ్లండులో 1969లో స్థాపించిన ఓపెన్ యూనివర్సిటీ వీటన్నిటికీ నమూనా. దాన్ని మొదట్లో 'గాలిలో విశ్వవిద్యాలయం' అనుకున్నారట, రేడియో, టీవీల మీద నడుస్తుంది కాబట్టి.

మన దగ్గర అసలు విప్లవం రేడియో కాదు, ఒక చిన్న నిబంధన. పద్దెనిమిదేళ్ళు నిండి, ఒక అర్హత పరీక్ష పాసైతే చాలు, పదో తరగతి సర్టిఫికెట్ కూడా లేకపోయినా డిగ్రీలో చేరే వీలుండేది. పుస్తకాలు తెలుగులో. ఎక్కడికక్కడ మామూలు కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి, ఆ కాలేజీకి సెలవు కాబట్టి ఆదివారాల్లో క్లాసులు. అంటే కొత్తగా భవనాలు కట్టకుండా, వారం పొడుగునా మగపిల్లలు కూర్చునే బల్లల మీద ఆదివారం ఎవరైనా కూర్చోవచ్చన్నమాట.

అమ్మ 1986లో అర్హత పరీక్ష రాసింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్న అప్లికేషన్ తెచ్చిచ్చాడు గానీ అది పాసవుతుందని ఆయన కూడా అనుకోలేదు. పాసైంది. ఇక ఆదివారాలు మొదలయ్యాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గేదెల పని, వంట చేసి, తలంటి పోసుకుని, ఏడింటి బస్సు. గుంటూరు గంటకు పైగా పట్టేది. కొన్నిసార్లు నన్ను వెంట తీసుకెళ్ళేది. నేను ఆఖరు బల్ల మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ఉండేదాన్ని. ఆ క్లాసులో కండక్టర్లు ఉండేవారు, ఒక పోలీసు కానిస్టేబులు ఉండేవాడు, అమ్మలాంటి ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. మధ్యాహ్నం వాళ్ళందరూ చెట్టు కింద క్యారేజీలు విప్పేవారు. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

నాయనమ్మకి నచ్చేది కాదు. "కోడలు కాలేజీకి, అత్త పొయ్యి దగ్గరికి" అని అరుగు మీద కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా సణిగేది. అమ్మ తల వంచుకునే, మెత్తగానే అనేది: "ఏం చేయమంటారత్తమ్మా, క్లాసుకి పోకపోతే పరీక్ష రాయనివ్వరంట." దాంతో నాయనమ్మ నోరు మూతపడేది. గవర్నమెంటు రూలు కదా మరి.

1987లో మా వైపు పత్తికి తెల్లదోమ పట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడాది మునిగిపోయిన రైతుల గురించి పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ప్రాణాలు తీసుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. మా చేను కూడా పోయింది. ఆ సంవత్సరం ఫీజు కట్టడం కష్టమని నాన్న అంటే, అమ్మ పాలడబ్బుల డబ్బా తీసి ముందు పెట్టింది. ఇంగ్లీషు పేపరు రెండుసార్లు పోయింది. మూడోసారి గట్టెక్కింది. 1990లో డిగ్రీ చేతికొచ్చింది. మరుసటి ఏడు ఆ యూనివర్సిటీకి అంబేద్కర్‌గారి పేరు పెట్టారు, కాబట్టి అమ్మ సర్టిఫికెట్ మీద పాత పేరే ఉంటుంది. తర్వాత ఆవిడ ఉద్యోగం చేయలేదు. చేసి ఉంటే బాగుండేదని నేను అన్నప్పుడల్లా "అది వేరే సంగతిలే" అని మాట తప్పిస్తుంది.

ఇప్పుడు నా ఫోను సంగతికి వస్తాను.

2001లో అమెరికాలో ఎం.ఐ.టి. తన పాఠాలన్నీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతానని ప్రకటించింది. 2003లో మన ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2008లో కెనడాలో మానిటోబా యూనివర్సిటీ కోర్సు ఒకటి జనానికి తెరిచిపెడితే, ఫీజు కట్టిన పాతికమందితో పాటు బయటి నుంచి 2,200 మంది చేరారు. 'మూక్' అనే మాట అప్పుడే పుట్టింది. అక్కడి నుంచి వేలం వెర్రి. 2011లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ కృత్రిమ మేధ కోర్సుకి లక్షా అరవై వేల మంది చేరారు. 2012లో కోర్సెరా, ఎడెక్స్ వచ్చాయి. ఇక కాలేజీలు మూతపడతాయి, ఆఫ్రికా పల్లెల్లో పిల్ల కూడా హార్వర్డ్ చదువుతుంది అని పత్రికలన్నీ రాశాయి.

ఎడెక్స్ మొదటి కోర్సు ఎలక్ట్రానిక్స్ మీద. చేరింది లక్షా యాభై అయిదు వేల మంది, పాసైంది ఏడు వేల పైచిలుకు. ఈ లెక్క చదవగానే నాకు కొండంత ఊరట. నేనొక్కదాన్నే కాదన్నమాట! కానీ 2013లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ తన కోర్సెరా విద్యార్థుల మీద చేసిన సర్వే చదివాక ఆ ఊరట పోయింది. చేరినవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా అప్పటికే డిగ్రీ ఉన్నవాళ్ళే. తలుపు బార్లా తెరిచిపెట్టారు, లోపలికి వచ్చింది మాత్రం అప్పటికే లోపల ఉన్నవాళ్ళు. మా అమ్మ పక్కన కూర్చున్న కండక్టరు ఆ లెక్కలో లేడు.

మన దగ్గర 2017 జూలై 9న స్వయం వచ్చింది. పాఠం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటరుకి వెళ్ళి పరీక్ష రాయాలి. దానితో పాటే ఫోను, నెట్టు లేనివాళ్ళ కోసం 32 టీవీ ఛానళ్ళు పెట్టారు. కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు మన సప్తగిరి ఛానల్లో పదో తరగతి పాఠాలు చెప్పడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు నింపిన ట్యాబులు పంచే కార్యక్రమాన్ని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌గారు మొదలుపెట్టింది మన పాత గుంటూరు జిల్లాలోని యడ్లపల్లిలోనే. 2024 ఫిబ్రవరిలో కాలేజీ పిల్లల కోసం ఎడెక్స్‌తో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం కూడా చేసుకుంది. పరికరానికి కొదవ లేదు. పాఠానికి అసలే కొదవ లేదు. భాష సంగతి మాత్రం ఒక్క మాట అనాలి: అమ్మ చదివింది తెలుగులో, నాకు దొరికింది ఎక్కువగా ఇంగ్లీషులో. నలభై ఏళ్ళు ముందుకొచ్చి ఇక్కడ మనం వెనక్కే నడిచాం.

పరికరం ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకో కథ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైలు ఉన్న ఆడవాళ్ళు 54 శాతం. మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది, మగవాళ్ళు 49 మంది దాకా. మా పనమ్మాయికి ఫోనుంది, దాంట్లో డేటా అయిపోయేదాకా వాళ్ళ అబ్బాయి ఆటలాడతాడు.

నా దగ్గర ఫోనుంది, డేటా ఉంది, డిగ్రీ ఉంది. మరి నాకేం తక్కువైంది? దీనికి జవాబు 2019లో జరిగిన ఇంకో సర్వేలో దొరికింది. జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో లెక్కగట్టారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 'చేసే మగవాళ్ళు' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. నూటికి 26 మందే వాళ్ళు.

ఆ 299 నిమిషాలు ఒక్కచోట ఉండవు, అదీ ఇబ్బంది. కుక్కరు కూతకీ కూతకీ మధ్య పది నిమిషాలు, వాషింగ్ మెషీను తిరిగేలోపు ఇరవై. ఫోను చదువు సరిగ్గా ఆ సందుల్లో దూరుతుందని చెప్పే కదా అమ్ముతారు, 'ఎక్కడైనా, ఎప్పుడైనా' అని. ఎప్పుడైనా చదవచ్చు అన్న చదువుని ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఆపవచ్చు. నేను పాఠం వింటున్నానంటే మావారికి, అబ్బాయికి నేను ఫోను చూసుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఫోను చూసుకునే మనిషిని లేపి కాఫీ అడగడం తప్పు కాదు. ఏడింటి బస్సెక్కి గుంటూరు పోయిన మనిషిని కాఫీ అడగలేరు.

మొన్న వేసవిలో అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు అటక మీద ఆవిడ పాత పుస్తకాల కట్ట దించాను. ఎలకలు అంచులు కొరికాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. పాఠం చివర ప్రశ్నల పక్కన పెన్సిలుతో జవాబులు, ఒకచోట పాలలెక్క. వాటి మధ్యలో అప్పటి ప్రాస్పెక్టస్ కూడా ఉంది. ఊరికే తిరగేస్తుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆదివారం క్లాసులు విద్యార్థుల సౌకర్యం కోసమేనట, హాజరు తప్పనిసరి కాదట.

పుస్తకం తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. అరవై ఏడేళ్ళ మనిషి, కళ్ళజోడు సవరించుకుని చదివింది.

"ఏంటమ్మా ఇది? పోకపోతే పరీక్ష రాయనివ్వరని నాయనమ్మకి చెప్పేదానివి కదా?"

"వాళ్ళు అన్లేదులే. నేనన్నా."

"నాన్నకి తెలుసా?"

"ఆయన చదువుకున్నాడు కదే, చదివే ఉంటాడు" అంది. కాసేపు ఆగి, "నన్నెప్పుడూ అడగలా" అంది.

నాన్న పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు అడగడానికి లేదు.

జూలైలో మళ్ళీ అదే కోర్సు మొదలైంది, మళ్ళీ చేరాను. ఈసారి మా అపార్టుమెంటులో మూడో అంతస్తు వదినని కూడా లాగాను. ఆవిడ ఇంటరుతో ఆపేసింది, ఇంగ్లీషు అంటే భయం, నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటాను. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా వాళ్ళింట్లో. మా ఇంట్లో కాదు, అది ముందే తేల్చుకున్నాం. ఇంట్లో మాత్రం లైవ్ క్లాసని, హాజరు వేస్తారని, పోకపోతే పరీక్ష రాయనివ్వరని చెప్పాను.

"అయితే సాయంత్రం కాఫీ?" అన్నారు మావారు.

పాలు ఫ్రిజ్జులో ఉన్నాయని చెప్పి చెప్పులేసుకున్నాను. ఆరో వారం అసైన్‌మెంటు నిన్ననే పంపాం, ఇద్దరం.